పచ్చితీగ బుట్ట

అనగనగా ఒక అడవిలో, వాగు గట్టున, వస్తువులు తయారుచేయడం నేర్పే బడి ఉండేది. నవ్వకండర్రా, నిజమే! కొత్తగా చేరిన పిల్లలకు కొండముచ్చు మాస్టారు పాఠం చెప్పేవారు.

"ఇల్లలకగానే పండగ కాదర్రా! చేసిన వస్తువును ముందు మీరే విరగ్గొట్టడానికి చూడండి. విరగకపోతేనే ఇంకొకరికివ్వండి," అనేవారు.

ఒకసారి, వాగు పొంగితే కుందేలు పిల్లల్ని దాటించడానికి, వాగుకు అడ్డంగా కట్టిన తాడుమీద జారే బుట్ట అల్లమన్నారు. "ఎండిన తీగనే నానబెట్టి అల్లండి. పచ్చితీగ ఎండాక సన్నబడుతుంది, ముడి వదులవుతుంది," అని మరీ మరీ చెప్పారు.

చెంగడు అనే కోతిపిల్లకు అంత ఓపికేదీ? పచ్చితీగతోనే అల్లేశాడు. అబ్బ, ఎంత ముద్దుగా వచ్చిందో!

"బరువు పెట్టి చూశావా?" అని అడిగారు మాస్టారు.

"చూశాను మాస్టారూ," అన్నాడు. పచ్చి అబద్ధం! మాస్టారు నమ్మి, ఆ బుట్టనే తాడుకు కట్టించారు.

ఎండలు కాశాయి. తరవాత ఎక్కడో కొండల్లో వాన కురిసి వాగు పొంగింది. బొరియల్లోకి నీళ్లొచ్చేశాయి. కుందేలమ్మ ఏడుస్తూ పిల్లల్ని బుట్టలో కూర్చోబెడుతోంది. అప్పుడు చూశాడు చెంగడు. బుట్ట అడుగున ముడి వదులై వేలాడుతోంది!

మొదటి పిల్ల ఎక్కింది. చెబితే అందరూ ఛీ కొడతారని వాడు నోరు మూసుకున్నాడు. రెండోది ఎక్కింది. వాడు చూపు పక్కకు తిప్పుకున్నాడు. అన్నిటికన్నా చిన్నది వాడి వంక చూసింది.

"అన్నా, నేను పడిపోనుగా?" అని అడిగింది.

"దింపెయ్యండి!" అని కేకపెట్టాడు చెంగడు. "అబద్ధం చెప్పాను! అది పచ్చితీగ! నేను బరువు పెట్టి చూడలేదు!"

కుందేలమ్మ పిల్లల్ని లాగేసుకుంది. మాస్టారు బుట్టలో ఒక బండరాయి పెట్టి తాడు లాగించారు. వాగు నడుమకు రాగానే అడుగు ఊడింది. రాయి బుడుంగున మునిగిపోయింది.

నీళ్లు పెరుగుతూనే ఉన్నాయి. ఇక దారిలేక మాస్టారూ, పెద్ద కోతులూ పిల్లల్ని పొట్టకు కట్టుకుని, ప్రాణాలు అరచేత పెట్టుకుని తాడు పట్టుకు దాటసాగారు. చెంగడు కూడా చిన్నదాన్ని ఎత్తుకోబోయాడు. కుందేలమ్మ గబుక్కున దాన్ని వెనక్కి తీసుకుంది.

"వద్దు నాయనా," అంది మెల్లగా. "నీ చేతికివ్వాలంటే భయమేస్తోంది."

నీతి: చేసినవాడు పరీక్షించని వస్తువును, నమ్మినవాళ్లు తమ ప్రాణంతో పరీక్షించాల్సి వస్తుంది.