పొగరాయుళ్ళను అడిగిన ఎద్దు

పొగాకు ఆరబెట్టే బ్యారన్ కొట్టం పక్కన ఒక పశువుల పాక. అందులో మాలకొండయ్య అనే ఎద్దు ఉండేది. పాకలో సగం జంతువులు చుట్టలు కాల్చేవి. ఆ పొగకు లేగదూడ ఒకటే దగ్గు, పాలు కూడా మానేసింది. చూసి చూసి ఎద్దుకు విసుగొచ్చింది.

"పాకలో చుట్ట కాల్చకూడదని రూలు పెట్టు గేదెమ్మా" అని పాకకు పెద్దయిన ముసలి గేదెను అడిగింది.

చుట్టలమ్ముకునే నక్క అడ్డం పడింది. "భలేవాడివి మావా! కాల్చేవాళ్ళని అడక్కుండానే రూలా? ఒక్కడు ఒప్పుకున్నా నా కొట్టు కట్టేస్తా."

"నిజమే, వాళ్ళనీ అడుగు. ఒప్పుకుంటే పెడతా" అంది గేదె.

అడగడమంటే మాటలా! "నేను కాలుస్తానా, ఛ! మేత మేశాక ఒక్కటి, అంతే" అంది మేకపోతు. "రేపు మానేస్తున్నాగా మావా, ఎల్లుండొచ్చి అడుగు" అంది గాడిద. "ఊరికే వాసన చూస్తా" అంటూ పిల్లి మీసాల్లోంచి పొగ వదిలింది.

ఎద్దుకు ఒళ్ళు మండింది. "కాలుస్తారో లేదో చెప్పరు, ఇక రూలు సంగతి ఏం చెప్తారు, నా తలకాయ!"

"అందర్నీ ఒకచోట కూర్చోబెట్టి అడుగు" అంది గేదె.

ఈలోగా నక్క ఘాటైన చుట్టలు ఊరికే పంచింది. "ఎద్దు అడగ్గానే రూలు వద్దని పాక ఎగిరిపోయేలా అరవండి, చాలు." ఊరికే వస్తే కాదనేదెవరు? వచ్చినవి వచ్చినట్టు కాల్చేశారు.

"రూలు వద్దనేవాళ్ళు అరవండి!" అంది ఎద్దు.

అందరూ నోళ్ళు తెరిచారు. దగ్గు తప్ప మాట రాలేదు.

నక్కకు కంగారు పుట్టింది. "పుంజు బావా, నువ్వు కూయి! నీ కూతకి ఊరంతా లేస్తుంది!"

కోడిపుంజు మెడ సాచింది. ఖళ్ళు ఖళ్ళుమని దగ్గింది. మూలనుంచి దూడ కూడా అచ్చం అలాగే దగ్గింది. పుంజుకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

"రూలు పెట్టమ్మా గేదెమ్మా" అంది బొంగురుగా. "నా మాట నేనే వినడంలేదు, నీ మాటైనా వింటా. కూత పోయాక పుంజునని చెప్పుకోడానికే సిగ్గేస్తంది."

"నాకూ పెట్టమ్మా" అంది మేకపోతు. "రేపు కాదు, ఈ పూటే" అంది గాడిద.

"నా చుట్టలు కాల్చి నాకే ఎసరు పెడతార్రా!" అని నక్క గోలపెట్టింది.

"అడగమంది నువ్వేగా అల్లుడూ" అంది మాలకొండయ్య. "కొట్టెప్పుడు కట్టేస్తన్నావ్?"

నీతి: వ్యసనంలో ఉన్నవాడు వ్యసనం పక్షాన ఉంటాడనుకోకు, కాడి బరువు మోసే మెడకే తెలుసు.