కప్పు లేని చెన్నరాయుడు

కొటారుపాలెంలో బస్సు దిగి, ఉప్పు మడుల గట్టు వెంట సముద్రం వైపు నడిస్తే, గట్టు చివర నాలుగు రాతి స్తంభాలు కనిపిస్తాయి. వాటి నడుమ ఎండకు ఎండుతూ, వానకు తడుస్తూ నిలబడి ఉన్నవారే శ్రీ చెన్నరాయస్వామివారు. స్తంభాలు ఉన్నాయి గాని వాటి మీద కప్పు లేదు. పని మధ్యలో ఆగిపోలేదు. ఊరివాళ్ళు పట్టించుకోక వదిలేయనూ లేదు. కప్పు లేకపోవడమే ఈ క్షేత్రం విశేషం.

ఈ మాట ముందే చెప్పడానికి కారణం ఉంది. వచ్చిన ప్రతివారూ చెప్పులు విప్పకముందే పైకి చూసి, "అయ్యో, స్వామి తడిసిపోతున్నాడే! రేకులైనా వేయించకూడదా? మేం చందా ఇస్తాం" అంటారు. వారి భక్తి మంచిదే. కానీ పక్కనే బోర్డు మీద తెలుగులో, పెద్ద అక్షరాలతో, "దయచేసి కప్పు వేయిస్తామని మొక్కుకోవద్దు" అని రాసి పెట్టి ఉంది. దాని కిందే నిలబడి అదే మొక్కు మొక్కుతారు. అందుకని ఈ చిన్న పుస్తకంలో మరొక్కసారి, మొదటి నుంచి, నెమ్మదిగా చెప్పుకుందాం.

పూర్వం ఇక్కడ గుడి లేదు, విగ్రహం లేదు. ఉప్పు మడులు మాత్రం ఉండేవి. సముద్రపు నీటిని మడుల్లోకి పెట్టి ఎండబెట్టడం, తేలిన ఉప్పును చెక్కపలకతో లాగి రాశి పోయడం, రాశి మీద తాటాకులు కప్పడం, ఇదే ఇక్కడివారి జీవనం. ఆ పనివారిలో ఆదెమ్మ అనే ఇల్లాలు, ఆమె భర్త పేరయ్య ఉండేవారు. పేరయ్యది తక్కువ మాట. ఆ లోటు ఆదెమ్మ తీర్చేది.

ఒకనాడు ఆదెమ్మ మడి లోతు చేస్తుండగా పలకకు ఏదో గట్టిగా తగిలింది. తవ్వి చూస్తే మనిషి ఆకారం. నిలువెల్లా ఉప్పు పేరుకుపోయి తెల్లగా ఉంది. ముఖం తెలియదు, పైకెత్తిన కుడిచెయ్యి మాత్రం తెలుస్తోంది. పేరయ్య కడుగుదామని కుండతో నీళ్ళు తెచ్చాడు. ఆదెమ్మ కుండ లాక్కుంది.

"నీళ్ళు పోస్తావేంది మావా! కరిగిపోతే?"

"రాయిలాగుందే."

"లాగుంటే? ఎక్కడిదాకా ఉప్పో, ఎక్కడినుంచి రాయో నీకు తెలుసా?"

పేరయ్యకు తెలియదు. ఊళ్ళో ఎవరికీ తెలియలేదు. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. వేరే ఊరివారైతే రాతిని చూసి రాయి అనుకుంటారు. పుట్టింది మొదలు వాన పడితే కరిగిపోయే సరుకును కాపాడుకుంటూ బతికినవాళ్ళకు, తెల్లగా నిలబడి ఉన్నది ఏదైనా కరిగేదిగానే కనిపిస్తుంది. అందుచేత స్వామిని గట్టు మీద నిలబెట్టారే గాని, ఒంటి మీద చుక్క నీరు పోయలేదు. పొడి గుడ్డతో ఒత్తేవారు. వానాకాలమంతా తాటాకులతో చుట్టి ఉంచేవారు. ఎండాకాలం రాగానే ఆ ఆకులు ఉప్పు రాశికి కావలసి వచ్చేవి, స్వామి బయటపడేవాడు. పందిరి వేస్తే సముద్రపు గాలికి మర్నాటికల్లా మడుల్లో తేలేది.

అందుకే ఆదెమ్మ ఒక మొక్కు మొక్కుకుంది. "సామీ, ఒక్క ఏడు నా ఉప్పు నాకు దక్కనియ్యి. నీ నెత్తిన రాతి కప్పు వేయిస్తా. అంతకుమించి నాకేమీ వద్దు." పిల్లలు లేని ఆ ఇల్లాలికి అదొక్కటే కోరిక అయిపోయింది. తన చేతుల్లో సత్తువ ఉండగానే స్వామికి నీడ కల్పించాలని.

న్యాయంగా చూస్తే ఇది స్వామి వెంటనే తీర్చవలసిన కోరిక. ఆమె అడిగింది ఆయన కోసమే. కానీ ఆ ఏడు గట్టు తెగి మడులన్నీ మునిగాయి. మరుసటి ఏడు మబ్బులు పట్టి ఉప్పు తేలనే లేదు. ఇంకొక ఏడు గాలికి బురద కొట్టుకొచ్చి ఉప్పంతా నల్లబడింది. ప్రతి ఏడూ ఆదెమ్మ వచ్చి స్వామి ఎదుట నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడేది.

"ఏందయ్యా ఇది? నీ ఇల్లు నేను కడతానంటే నువ్వే అడ్డం పడతావా? ఇష్టం లేకపోతే లేదని చెప్పు. అందరి కలల్లోకీ దేవుళ్ళొచ్చి ఇది చెయ్యి, అది చెయ్యి అని చెప్పిపోతారంట. నా కల్లోకి చేపలొస్తాయి, మా ఆడబిడ్డ వస్తది. నువ్వు మాత్రం రావు!"

ఇంతా అన్నా ఆదెమ్మ మాత్రం ఆయనకు పొడి గుడ్డ ఒత్తడం ఒక్కపూటైనా మానలేదు.

చివరికి ఒక వైశాఖమాసంలో మడులు పండాయి. ముత్యాల్లాంటి ఉప్పు. పేరయ్య రాశి పోస్తుంటే గట్టు మీద మనిషి ఎత్తు దాటిపోయింది. ఆదెమ్మ రాశి చుట్టూ తిరిగి చూసుకుని, స్వామి దగ్గరకు వెళ్ళి, "నల్లరాయి వేయించేదా, తెల్లరాయా? ఇప్పుడైనా చెప్పు" అని అడిగిందట.

ఆ మధ్యాహ్నమే గాలి తిరిగింది. కాలం కాని కాలంలో తూర్పున మబ్బు లేచింది. రాశి పక్కనే తాటాకులు సిద్ధంగా ఉన్నాయి. పేరయ్య పరుగెత్తి ఒకవైపు కప్పడం మొదలుపెట్టి, "రెండో పక్క నువ్వు కప్పవే!" అని అరిచాడు. ఆదెమ్మ రెండు చేతులా పట్టినన్ని ఆకులు ఎత్తుకుని పరుగెత్తింది. కానీ రాశి వైపు కాదు, గట్టు చివర ఆకులు లేకుండా ఉన్న స్వామి వైపు. ఆమె మనసులో ఆ క్షణాన ఒక్కటే భయం: ఆయన కరిగిపోతాడు.

వాన కుండపోతగా పట్టుకుంది. ఒకవైపే కప్పిన రాశి నీరు తాగి కూలింది. ఇటు ఆదెమ్మ స్వామికి చుట్టిన ఆకులనూ గాలి ఒక్కొక్కటే లాక్కుపోయింది. ఆమె తన తాటాకు గొడుగు పట్టబోయేసరికే స్వామి తల మీది నుంచి తెల్లటి నీరు ధారగా కారుతోంది.

పేరయ్య తడిసి ముద్దై వచ్చాడు. "ఆకులేవే?"

"సామికి కప్పినా."

"రాశి పోయిందే, ఆదెమ్మా."

ఆమె స్వామినే చూస్తోంది. ఎన్నో ఏళ్ళ ఉప్పు కరిగిపోయి, కింద నల్లటి రాయి, రాతిలో కళ్ళు, ముక్కు, పెదవులు ఒక్కొక్కటే బయటికి వస్తున్నాయి. ఎవరూ ఎన్నడూ చూడని ముఖం అది. ఆ ముఖం మీద చిరునవ్వు ఉంది. ఇప్పుడూ ఉంది, మీరూ చూడవచ్చు.

ఇక్కడ ఆదెమ్మ ఆనందంతో పాదాల మీద పడిందని రాయడానికి వీలు లేదు. ఎందుకంటే ఆమె పడలేదు.

"నవ్వుతున్నావా!" అంది. "నా ఉప్పంతా నీళ్ళపాలు చేసి నవ్వుతున్నావా! రాయివే గదయ్యా నువ్వు! నిక్షేపంలాంటి రాయివి! ఆ ముక్క ముందే చెబితే ఆ ఆకులు నా రాశి మీద కప్పుకునేదాన్ని గదా!"

ఇంతా అంటూనే ఉంది, కళ్ళ వెంట నీరు కారుతూనే ఉంది, గొడుగు మాత్రం స్వామి తల మీదే పట్టుకుంది. పేరయ్య మెల్లగా, "రాయేనని తెలిసింది గదా. ఇంకా గొడుగెందుకు?" అన్నాడు.

"రాయైతే మాత్రం తడవనిస్తామా?" అని కసిరింది ఆదెమ్మ. "నా కోపం నాది. అది వాన వెలిసినాక కూడా ఉంటది."

ఆ వాన ఎందుకు కురిసిందో స్వామి చెప్పలేదు. పై ఊళ్ళలో పైర్లు ఎండిపోతున్నాయని, వాటి కోసం కురిసిందని కొందరంటారు. అదే మాట ఆదెమ్మతో అన్నవారికి, "అయితే పైర్ల మీదే కురవొచ్చుగా!" అని సమాధానం వచ్చేదట. కనుక ఈ పుస్తకంలో కూడా కారణం చెప్పబోవడం లేదు. తెలియనిది తెలియదనే చెప్పాలి.

అప్పటి నుంచి వాన పడినప్పుడల్లా ఆదెమ్మ గొడుగు పట్టుకుని వచ్చేది. తాను తడుస్తూ స్వామికి పట్టేది. పట్టినంతసేపూ ఆ ఏటి కష్టాలన్నీ ఆయన ముఖం మీదే అనేసేది. వాన వెలిశాక పొడి గుడ్డతో తుడిచి ఇంటికి పోయేది. రాశి పోసే మంచి ఏడు ఆమెకు మళ్ళీ రాలేదు. ఆమె జుట్టు నెరిసింది, నడుము వంగింది. గొడుగు చెయ్యి మాత్రం ఎత్తుగానే ఉండేది.

అప్పట్లో ఉప్పు కొనడానికి నరహరి శెట్టి అనే వర్తకుడు వచ్చేవాడు. కలిగినవాడు, భక్తిపరుడు. వానలో నిలబడిన ముసలమ్మను చూసి జాలిపడి, తానే మండపం కట్టిస్తానన్నాడు. నాలుగు స్తంభాలు లేచాయి. పైన పరచవలసిన రాతి పలకలు బండ్ల మీద వచ్చి దిగాయి.

ఊరంతా సంతోషించింది. ఆదెమ్మ స్తంభాల చుట్టూ ఒకసారి తిరిగి, "ఎవరు వేయిస్తే ఏముందిలే. తడవడు, అంతే చాలు" అంది. ఆ రోజు ఇంట్లో మాట్లాడలేదు. మాట తక్కువ పేరయ్యే ఏదో ఒకటి మాట్లాడవలసి వచ్చింది.

పలకలు ఎత్తవలసిన రోజు పొద్దున్నే శెట్టి ఆమె వాకిట్లో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మా ఆదెమ్మా, స్వామి నా కలలోకి వచ్చాడు."

"ఎవరి కల్లోకి?"

"నా కలలోకేనమ్మా. 'శెట్టీ, కప్పు వద్దు. కప్పు వేస్తే ఆమె గొడుగు ఎక్కడ పడుతుంది? వానలో నా దగ్గర నిలబడేది ఆమె ఒక్కతే' అన్నాడు."

ఆదెమ్మ లోపలికి వెళ్ళింది. గూట్లోంచి గొడుగు తీసి, చినుకైనా లేని ఎండలో గట్టు వెంట గబగబా నడిచింది. శెట్టి, పేరయ్య వెనకాలే వెళ్ళారు. ఆమె స్తంభాల మధ్య నిలబడి గొడుగు విప్పి స్వామి తల మీద పట్టింది.

"ఇన్నేళ్ళూ నోరు నొప్పి పుట్టేలాగా అడిగినానే. వద్దు అని ఒక్క మాట! అదీ శెట్టిగారికి చెబుతావా? నా ఇంటికి నీకు దారి తెలియదా?" అంది. కొంగుతో ముందు ఆయన ముఖం తుడిచి, తర్వాత తన ముఖం తుడుచుకుంది.

ఆ రాతి పలకలే నేడు మీరు గట్టు మీద కూర్చునే బల్లలు. స్తంభాలు అలాగే ఉన్నాయి.

నేటికీ స్వామివారికి నీటి అభిషేకం లేదు. వాన వెలిశాక పొడి గుడ్డతో తుడవడమే పూజ. వాన కురుస్తున్నంతసేపూ భక్తులు వంతులవారీగా తాటాకు గొడుగు పడతారు. గొడుగు పట్టినవారు తమకు దక్కనిదాన్ని గురించి స్వామిని ఏమైనా అనవచ్చు. ఎవరూ తప్పు పట్టరు. గొడుగు పట్టనివారు మాత్రం ఏమీ అనకూడదు. గొడుగు స్వామికి పట్టాలి, తమకు కాదు. ఇది కూడా బోర్డు మీద రాసి ఉంది. అయినా ప్రతి వానకూ ఎవరో ఒకరు తమ గొడుగు కింద తాము నిలబడి, ఫోన్‌తో ఫొటో తీసుకుంటూ, "స్వామీ, నువ్వే దిక్కు" అంటూనే ఉంటారు.

"గొడుగు పడితే కోరిక తీరుతుందా?" అని అడుగుతారు. ఇంత కథా విన్నాక కూడా అడుగుతారు. తీరినవారు ఉన్నారు, తీరనివారూ ఉన్నారు. తీరినవారు వచ్చి కొబ్బరికాయ కొట్టి సంతోషంగా వెళ్తారు, స్వామి వారిని చల్లగా చూచుగాక.

తీరనివారు మాత్రం తూర్పున మబ్బు లేవగానే, ఎవరూ పిలవకుండానే, గొడుగు తీసుకుని గట్టెక్కుతారు.