బడి అభిమాన వారోత్సవం

జొన్న చేలో ఒక బడి ఉండేది. కుందేలు పిల్లలూ, కౌజు పిట్ట పిల్లలూ, చిట్టెలుక పిల్లలూ అందులో చదువుకునేవి. కౌజు పంతులమ్మ చెప్పే పాఠం ఒక్కటే: తాను "కిట్" అనగానే ఎక్కడివాళ్లక్కడ నేలకు కరుచుకుని, ఊపిరి కూడా వినబడకుండా ఉండిపోవడం. డేగలూ నక్కలూ తిరిగే చోట అంతకు మించిన చదువు లేదు. కానీ ఆ పాఠంలో చూడ్డానికి ఏమీ ఉండదు. అందుకే హెడ్మాస్టరు నెమలికి అదంటే చిన్నచూపు.

ఒకరోజు బడి కమిటీ అధ్యక్షుడు నక్క వచ్చాడు. నక్క అధ్యక్షుడెలా అయ్యాడంటారా? పోటీకి నిలబడతామన్నవాళ్లు మర్నాటికి కనబడలేదు.

"ఏం హెడ్మాస్టరు గారూ, ఇది బడా, శ్మశానమా? పిల్లల్లో బడి అభిమానం ఏదీ? వారం రోజులు ఉత్సవం చేద్దాం. అందరూ ఎర్రపూలు పెట్టుకుని 'మా బడే గొప్ప' అని అరవాలి. చివరి రోజు ఊరేగింపు. బాగా అరిచిన తరగతికి వాగు అవతల మా ఇంట్లో విందు."

"విందు ఎవరికండీ?" అంది పంతులమ్మ.

"అన్నిటికీ అడ్డుపుల్ల వేయకండి టీచరమ్మా. అందరం కలిసే కూర్చుంటాం."

"నేను పురి విప్పొచ్చా?" అన్నాడు నెమలి.

"మీరు విప్పకపోతే ఉత్సవమేముందండీ!"

ఆ క్షణం నుంచే పాఠాలు బంద్.

పంతులమ్మకు ఒళ్లు మండిపోయింది. ఈ గోల ఆపించాలని విసవిసా వెళ్లింది. తీరా చూస్తే మట్టిపెడ్డ మీద ఓబులేసు! బడిలో చేరినప్పటి నుంచీ తన పేరు కూడా నోరు విప్పి చెప్పని కుందేలు పిల్ల వాడు. చెవి వెనక మోదుగ పువ్వు పెట్టుకుని, "మా బడే గొప్ప!" అని గొంతు చించుకుంటున్నాడు.

పంతులమ్మకు కళ్లు చెమర్చాయి. ఇన్నాళ్ల తన పాఠం చేయలేని పని ఒక పిచ్చికేక చేసిందని సంతోషమూ, ఉక్రోషమూ ఒకేసారి వచ్చాయి. అంతలో నక్క వచ్చి ఓబులేసు తొడ నొక్కి చూశాడు.

"వీణ్ణి ముందు వరసలో పెట్టండి. అభిమానం బాగా పట్టింది వీడికి."

ఉత్సవం ఆపిస్తే వాడి నోరు మళ్లీ మూతపడుతుంది. ఆపించకపోతే ఇక ఎప్పటికీ తెరుచుకోదు. పంతులమ్మ కాసేపు ఆలోచించి ముఖాన నవ్వు తెచ్చుకుంది.

"అధ్యక్షులు గారూ, ఊరేగింపు మీరే నడిపించాలి. పిల్లలకు ఎదురుగా తిరిగి, వెనక్కి నడుస్తూ కేకలు వేయించాలి. ఎవరి అభిమానం ఎంతో మీకే తెలుస్తుంది."

తిండి మీద నుంచి చూపు తిప్పే పనిలేదు. నక్కకు ఆ ఏర్పాటు తెగ నచ్చింది.

చివరి రోజు పిల్లలన్నీ కలిసి నక్క మెడనిండా మోదుగ దండలు వేశాయి, నెత్తిన పూల కిరీటం పెట్టాయి. ఊరేగింపు బయల్దేరింది.

"ఇంకా గట్టిగా! మా బడే..." అంటున్నాడు నక్క, చూపంతా ఓబులేసు తొడల మీదే పెట్టి.

"గొప్ప!" అంటున్నాయి పిల్లలు.

"కాస్త ఎడమకు అధ్యక్షులు గారూ, అక్కడ ముళ్లున్నాయి. ఇంకాస్త ఎడమకు," అంటోంది పంతులమ్మ. ఎడమ పక్క గొర్రెల దొడ్డి ఉంది. ఆ కేకలకు దొడ్డి కాపలా కుక్కలు అప్పటికే లేచి నిలబడ్డాయి.

నక్క పరవశించి, కళ్లు మూసుకుని "మా బడే..." అని రాగం తీశాడు.

"కిట్," అంది పంతులమ్మ.

పిల్లలు తలలు విదిల్చి పూలు రాల్చేసి, జొన్న మొదళ్లలో మాయమయ్యాయి. నెమలి చెట్టెక్కాడు. నక్క కళ్లు తెరిచేసరికి ఎదురుగా ఎవరూ లేరు. వీపుకు మాత్రం మెత్తగా ఏదో తగిలింది.

"ఏ బడి బావా, మీది?" అంది కుక్క.

ఆ ఎర్రదండలు చేనంతా కనబడుతుంటే కుక్కలకు వాసన పట్టే శ్రమ కూడా లేకపోయింది. నక్క మళ్లీ వాగు ఇవతల అడుగు పెట్టలేదు.

నెమలి చెట్టు దిగి, "ఉత్సవం దిగ్విజయం! అధ్యక్షులవారి పరుగు చూశారా, అభిమానమంటే అదీ!" అన్నాడు.

ఓబులేసు పంతులమ్మ రెక్క పట్టుకున్నాడు. "టీచర్, రేపు కూడా అరుద్దామా?"

"అరుద్దాం నాయనా. పాఠం అయ్యాక."

నీతి: అరవడం ఎవరైనా నేర్పుతారు, ఎప్పుడు ఆపాలో నేర్పేవాళ్లే గురువులు.