రోడ్డు మీద రబ్బరు పడవ

ఇందులో ఒక్క మాట అబద్ధమైనా, చెప్పే నోట్లో మిగిలిన రెండు పళ్ళూ రాలిపోవాలి. గోరింటపాలెం బుల్లెమ్మ ఇంట్లో తెలివి ఎంత ఉండేదంటే, ఊరికి పోతూ ఆవిడ తలుపుకి రెండు తాళాలు వేసేది. ఒకటి సామానుకి, ఒకటి తెలివికి.

ఓ రోజు బుల్లెమ్మా, మొగుడు తాతబ్బాయీ, తమ్ముడు వీరేశమూ ఏటి ఒడ్డున ఉన్న అడవి పార్కు చూడబోయారు. చివరి బస్సు నాలుగింటికి, అది తప్పితే రాత్రంతా ఎలుగుబంట్లతో కాపరమేనని చెప్పి దింపాడు కండక్టరు. అప్పట్నించీ బుల్లెమ్మ అడుగడుక్కీ టైమెంతని అడుగుతూనే ఉంది.

గేటు దగ్గర బోర్డుంది, కోతులకు తిండి పెట్టరాదని. మూట విప్పారో లేదో నాలుగొందల కోతులు దిగి పులిహోరంతా మెక్కాయి. ముగ్గురూ చేతులు కట్టుకుని చూశారు. మనం పెట్టలేదుగా, అవే తీసుకున్నాయని బుల్లెమ్మ మురిసిపోయింది.

ఆ ఆకలి మొహాలు చూసి గార్డు జాలిపడ్డాడు. కాలిబాటలో ఎర్ర బాణం చూపిన వైపే నడవండి, గంటలో బస్సు దగ్గరుంటారన్నాడు. అంతే. మొదటి బాణం దాటగానే బుల్లెమ్మ ఆగిపోయింది. బాణం వెనకబడిపోతే చూసేదెలా? వీరేశం బాణం బోర్డుని కర్రతో సహా పీకి భుజానేసుకున్నాడు. ఇంకేముంది, వాడెటు తిరిగితే బాణమూ అటే. వీపు గోక్కోవడానికి వాడు వెనక్కి తిరిగితే ముగ్గురూ వెనక్కే. ఒక్క మద్దిచెట్టు చుట్టూ డెబ్భైసార్లు తిరిగి, చెట్టుకే కళ్ళు తిరిగాక, ఏటి ఒడ్డున తేలారు.

అక్కడ నీళ్ళు బండలకి కొట్టుకుని తాటిచెట్టెత్తు లేస్తున్నాయి. రబ్బరు పడవవాడు బస్సాగే చోట దింపుతానని వాళ్ళని ఎక్కించుకుని, ఏమైనా సరే తాడు మాత్రం వదలొద్దన్నాడు. తాతబ్బాయి పట్టుకున్నాడు. సుడులు దాటారు, ఒడ్డెక్కారు, తాతబ్బాయి వదల్లేదు. వదలమని ఎవరూ చెప్పలేదుగా. పడవవాడు చుట్ట ముట్టించుకుని ఇటు తిరిగేసరికి పడవ లేదు.

గట్టెక్కితే ఎదురుగా బస్సు. నాలుగింటికి ఇంకా ఐదు నిమిషాలుంది. బుల్లెమ్మకి ప్రాణం లేచొచ్చింది. ముగ్గురూ బస్సులో, తాడు కిటికీలో, పడవ వెనకాల రోడ్డు మీద. బస్సు కదిలింది. అప్పుడు పడింది బుల్లెమ్మ చూపు, తమ్ముడి ఒళ్ళో ఉన్న బాణం మీద. మొన వెనక్కి చూపిస్తోంది.

"ఒరే వీరేశం, బాణం అటుంటే బస్సు ఇటు పోతుందేంట్రా?"

"డ్రైవరు దారి తప్పాడక్కా. పాపం, ఆయన దగ్గర బాణం లేదుగా."

బస్సు ఆపించి దిగిపోయారు. బస్సు దాని దారిన అది పోయింది. ముగ్గురూ తారురోడ్డు మీద పడవలో కూర్చుని తెడ్లు వేశారు.

"కదలదేమే?" అన్నాడు తాతబ్బాయి.

"ఏరింకా రాలేదండీ," అంది బుల్లెమ్మ. "కాస్త ఓపిక పట్టండి."

ఇప్పటికీ అక్కడే ఉన్నారు. ఎలుగుబంట్లు వచ్చి చూసి, నవ్వుకుని పోతున్నాయి. నువ్వూ పళ్ళికిలించింది చాలుగానీ, లే. పెరట్లో బిందె ఉంది, వెళ్ళి ఆ పడవ కింద ఓ రెండు బిందెల నీళ్ళు పోసి రా. పాపం, కదులుతారేమో.