ఎవరూ వేయని ఉప్పు

చిత్రగిరి రాజు ధర్మసేనుడు పప్పన్నం ముద్ద నోట్లో పెట్టుకుని, కాసేపు ఆలోచించి, విస్తరి ముందు నుంచి లేచాడు.

"ఉప్పు లేదు" అన్నాడు. "ఇది తొమ్మిదో రోజు. వైద్యుడు మాన్పించాడేమో అనుకుని ఇన్నాళ్లూ ఊరుకున్నాను. తీరా అడిగితే, నేనే మానేశానేమో అనుకుని ఆయనా ఊరుకున్నాడట."

వంటశాలలో వండేది ఇద్దరే ఆడవాళ్లు. నాంచారమ్మ చాలా ఏళ్లుగా ఉంది. సూరాంబ చేరి సరిగ్గా తొమ్మిది రోజులు. ఇద్దరిదీ ఒకే వీధి, ముప్పై ఏళ్ల స్నేహం. ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరు కషాయం కాచి ఇస్తారు. తాగేవాళ్లు మాత్రం ముందు ఒకసారి వాసన చూసుకుంటారు.

దానికో కారణముంది. ఇరవై ఏళ్ల కిందట నాంచారమ్మ కూతురి పెళ్లిలో పప్పు ఉప్పుకషాయమైంది. మగపెళ్లివారు రెండేసి ముద్దలు తిని, పంక్తిలోంచి లేచిపోయారు. "నేను సరిగ్గానే వేశాను, మళ్లీ వేసింది సూరాంబే" అని నాంచారమ్మ. "నేను ముట్టుకోలేదు, హడావిడిలో తనే రెండుసార్లు వేసుకుంది" అని సూరాంబ. ఈ మాట ఒకరితో ఒకరు ఎన్నడూ అనుకోలేదు. ఊరందరితోనూ అన్నారు.

ఇప్పుడిద్దరూ ఒకే పొయ్యి దగ్గర పడ్డారు.

"ఉప్పు నువ్వెయ్యి వదినా. నీ చెయ్యి మంచిది."

"పెద్దదానివి, నువ్వుండగా నేనా వదినా?"

ఉప్పుచట్టి గూట్లోంచి కదల్లేదు. పప్పు మాత్రం రాజుగారి విస్తట్లోకి వెళ్లింది.

వంటశాల పెత్తందారు విరూపయ్య ముందుకొచ్చాడు. ఆయనకి తెలియని విద్య లేదు. ఉందని ఎవరైనా చెప్పినా వినడు. "ఇద్దర్నీ పంపేయండి ప్రభూ. మా ఊరి నుంచి మంచి వంటవాళ్లని నేను తెప్పిస్తాను" అన్నాడు.

"రేపు మధ్యాహ్నం లోపల ఈ ఉప్పు గొడవ తేలాలి" అన్నాడు రాజు. "తేలకపోతే ఇద్దరూ కోట బయటికే."

ఆ పొయ్యి తప్ప ఇద్దరికీ వేరే ఆధారం లేదు. నిజం చెప్పొద్దూ, నాకు వాళ్లని చూస్తే జాలీ వేసింది, చిరాకూ వేసింది. ముప్పై ఏళ్ల స్నేహితులు ఒక్కసారి తిట్టుకుని ఉంటే ఈ గతి పట్టేదా?

రాజుగారికి తాంబూలం చుట్టి ఇచ్చే కొమరక్క ఆ సాయంత్రం వంటశాలకి వెళ్లింది. ఇద్దర్నీ విడివిడిగా ఒకే మాట అడిగింది.

"పెళ్లినాడు గాడిపొయ్యి దగ్గరికి ఇంకెవరైనా వచ్చారా?"

"విరూపయ్యగారు వచ్చారు. మగపెళ్లివారి తరఫు పెద్దమనిషి కదా. మూత తీసి వాసన చూశారు" అంది నాంచారమ్మ. సూరాంబా అదే చెప్పింది. ఆ పెళ్లి విషయంలో ఇద్దరి మాటా కలవడం అదే మొదటిసారి.

మర్నాడు సభలో కొమరక్క చేతులు జోడించింది.

"ప్రభూ, వంట సంగతికి ముందు ఒక సన్మానం జరగాలి. నాంచారమ్మ కూతురి పెళ్లిలో ఉప్పెక్కువైన పప్పు తిన్నవాళ్లు తాగిన నీళ్లకి పెళ్లివారి బావి అడుగంటింది. మర్నాడు లోతు తవ్విస్తే ఊట పడింది. ఇవాళ మనం తాగే తియ్యనీళ్లు ఆ బావివే. ఆ ఉప్పు వేసిన చేతికి బంగారు కడియం తొడిగి, బావి గట్టున పేరు చెక్కించాలి."

రాజు ఆమెకేసి చూశాడు. ఆమె తమలపాకుకి సున్నం రాసుకుంటోంది.

"చెక్కించాలి" అన్నాడు రాజు. వెండిపళ్లెంలో కడియం వచ్చింది.

"ఆ ఘనత సూరాంబ వదినది ప్రభూ" అంది నాంచారమ్మ వెంటనే.

"అబ్బే! పెళ్లి ఆవిడ కూతురిది. పుణ్యం కూడా ఆవిడదే" అంది సూరాంబ.

"మొహమాటం దేనికి, నువ్వే తొడుక్కో వదినా."

"నీ చేతికైతేనే అందం వదినా."

పళ్లెం అటూ ఇటూ నాలుగుసార్లు తిరిగింది. దాంతో పాటు విరూపయ్య కళ్లూ తిరిగాయి. ఐదోసారి ఆయన ఆగలేకపోయాడు.

"ఇద్దరికీ సంబంధం లేదు ప్రభూ! వాసన చూడగానే ఉప్పు చాలలేదని నాకు తెలిసిపోయింది. ఇదిగో, ఈ చేతులతోనే రెండు దోసిళ్లు వేశాను!"

నాంచారమ్మ, సూరాంబ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాంచారమ్మ కళ్లు తుడుచుకుంటూ, పొయ్యి పొగ అంది. సభలో పొయ్యి లేదు.

"కొమరక్కా, మాటిచ్చాను కదా. కడియం ఈయనకి తొడగాల్సిందేనా?" అన్నాడు రాజు.

"తొడగాల్సిందే ప్రభూ. కాకపోతే వేసిన చేతికి సన్మానం తర్వాత. వాసన చూసిన ముక్కు కింద నోరుంది, ముందు దానికి చేద్దాం."

ఆ పూట పప్పు సభకే వచ్చింది. ఎప్పటిలాగే ఉప్పు లేదు. నాంచారమ్మ ఉప్పుచట్టిలోంచి ఒక దోసిలి తీసి వేసింది. సూరాంబ కూడా దోసిలి పట్టింది.

"ఉప్పు చేతికిస్తే గొడవలొస్తాయంటారు వదినా. చట్టి కింద పెడతా, తీసుకో."

"ఇరవై ఏళ్లకి సరిపడా గొడవ ముందే పడ్డాం. చేతికే ఇవ్వు."

నాంచారమ్మ పోసింది. సూరాంబ వేసి, గరిటెతో కలిపి, విరూపయ్యకి దగ్గరుండి వడ్డించింది.

విరూపయ్య మొదటి ముద్ద మింగాడు. రెండోది చేతిలోనే ఉండిపోయింది.

"కడియం వద్దు ప్రభూ" అన్నాడు కళ్లనీళ్లతో. "ఆ బావి ఎటువైపో చెప్పండి చాలు."

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. సభంతా నవ్వింది. కడియం కొమరక్క చేతికి ఎక్కింది.