సీరియల్ ఆపమన్న ప్రెసిడెంటు

రోజూ రాత్రి టీవీలో వచ్చే సీరియల్లో పెళ్లాన్ని మోసం చేసే హీరో అంటే తనకిష్టమని కేబుల్ నడిపే నూకరత్నం ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. ఊళ్లో ఆడవాళ్లు మాత్రం వాణ్ణి తిట్టిపోసి, ఆ ఊపులోనే మొగుళ్లని నిలదీస్తున్నారు.

ప్రెసిడెంటు భీమేశ్వరరావు మగాళ్లని వెంటేసుకొచ్చాడు. "ఆ సీరియల్ ఆపు. లేదంటే నీ వైర్లన్నీ పీకిస్తా."

"అలాగే బాబుగారూ. ఆపమన్నవాళ్లు ఈ కాగితం మీద సంతకాలు పెట్టండి. ఆ టైముకి మీ ఇళ్లకి కనెక్షన్ తీసేస్తా. ఎందుకు తీశావని మీ ఆడవాళ్లు అడిగితే చూపించాలిగా."

పెన్ను ఎవరూ ముట్టలేదు. "మా ఇంటికి ఉండనీ, నాకేం భయం" అంటూ ఒక్కొక్కరే జారుకున్నారు.

ప్రెసిడెంటు మాత్రం వెనక్కొచ్చి గొంతు తగ్గించాడు. "సంతకం గింతకం లేకుండా మా ఇంటికొక్కదానికే తీసెయ్యమ్మా."

ఆయన భార్యని పలకరించాలంటేనే ఇన్నాళ్లూ జంకిన నూకరత్నం, ఇవాళ ఆవిడకి ఫోన్ చేసి ఈ మాట చెప్పాల్సిందేనని నిశ్చయించుకుంది.