చెరువు చేపలకు నువ్వుల నూనె

వెనకటికి రాజుగారి చెరువులో చేపలు పెంచే పోలమ్మ, మేతలో చేపనూనె మానేసి తవుడులో నువ్వుల నూనె కలపసాగింది. సంగతి తెలిసి దివాను మండిపడ్డాడు.

"చేపనూనె పెట్టకపోతే చేపకు కొవ్వెలా పడుతుందే? రేపే నిన్ను కొలువులోంచి గెంటిస్తాను!"

పోలమ్మ ఇద్దరు పిల్లలకూ ఆ కొలువే ఆధారం. అయినా చేతులు కట్టుకుని నెమ్మదిగా అడిగింది.

"దొరా, తమరి ఆవు పాలకు కుండెడు వెన్న పడుతుందట. దానికి రోజూ ఎంత వెన్న పెడతారు?"

"ఆవుకు వెన్నేమిటే, పిచ్చిదానా! నువ్వుల తెలకపిండి పెడతాం."

అనేశాక దివాను నాలుక కరుచుకున్నాడు. గొంతు తగ్గించి, "ఇంతకీ చేపనూనె ఎందుకు మానేశావు?" అన్నాడు.

"ఏట్లో చిన్నచేపలన్నీ ఆ నూనెకే పోతున్నాయి దొరా. జాలరి పిల్లలు వట్టి గంజి తాగి పడుకుంటున్నారు."

"రేపటి నుంచి నువ్వులు మా గాదెలోంచి పట్టుకెళ్లమ్మా," అన్నాడు దివాను.